చదరంగపు గళ్ళు, ఇరవై అంకెలు: మల్లన పద్యంపై ఒక పరిశీలన

చదరంగపు పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఈ విధంగా గడిగడికీ రెట్టింపు చేసుకుంటూ పోతే అరవై నాలుగు గళ్ళలోనూ కలిసి ఎన్ని గింజలు పడతాయి? ఈ ప్రశ్నకు తెలుగులో పద్యరూపమైన జవాబు ఒకటి ఉన్నది. పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన ఆ చంపకమాలను సభలలో చదువుతారు, తరగతులలో వల్లెవేయిస్తారు, విన్నవారు ఆశ్చర్యపడతారు. పద్యంలో దాగి ఉన్న సంఖ్య ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

మొత్తం ఇరవై అంకెలు. సుమారుగా చెప్పాలంటే ఒక లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లు. ఈనాటి గుర్తులలో దీనిని 2 యొక్క 64వ ఘాతం నుంచి ఒకటి తీసివేయగా వచ్చిన సంఖ్య అంటారు.

పద్యానికి పొగడ్తలు చాలా వచ్చినవి. పరీక్ష మాత్రం అరుదు. గణిత రచనగా ఈ పద్యం ఏమి సాధించినది, ఏమి సాధించలేదు, దీనిని బడిలో ఏ విధంగా చెప్పితే విద్యార్థికి ప్రయోజనం అన్న మూడు ప్రశ్నలు వేసుకొనక తప్పదు. సంఖ్యను కంఠస్థం చేసిన విద్యార్థి, అందులో ఒక అంకె తప్పుగా అచ్చుపడితే పట్టుకోగలడా లేడా అన్నది అసలు గీటురాయి.

పద్యము, దాని పుట్టుక

మల్లన 11వ శతాబ్దపు కవి అనీ, రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుని కాలపువాడనీ సంప్రదాయం. నన్నయ భారతాన్ని తెలుగు చేసినది కూడా ఆ రాజు ఆస్థానంలోనే. అంటే తెలుగులో కావ్యం కన్ను తెరుస్తున్న రోజులలోనే గణితం కూడా తెలుగులోకి వచ్చినదన్నమాట. ఇది చిన్న విషయం కాదు.

మల్లన తెలుగు చేసిన గ్రంథం మహావీరాచార్యుని 'గణితసారసంగ్రహము'. మహావీరుడు జైనుడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, సుమారు క్రీ.శ. 850 ప్రాంతంలో, సంస్కృతంలో ఈ గ్రంథాన్ని వ్రాసినాడు. దీనిని 1912లో మద్రాసులో రంగాచార్యులు ఇంగ్లీషు అనువాదంతో సహా ప్రకటించిన తరువాత ప్రపంచ గణిత చరిత్రకారులకు పరిచయమైనది. తెలుగువారికి మాత్రం అంతకు ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ముందే మల్లన దానిని పరిచయం చేసినాడు.

అంకెలకు బదులు మాటలు

పద్యంలో అంకెలు అంకెలుగా లేవు. మన పూర్వులు భూతసంఖ్య అనే పద్ధతిని వాడేవారు. లోకంలో ఏ వస్తువు ఎన్ని ఉన్నవని ప్రసిద్ధమో, ఆ వస్తువు పేరు ఆ అంకెకు గుర్తు. చంద్రుడు ఒక్కడే గనుక చంద్రుడంటే ఒకటి. మన్మథుని బాణాలు అయిదు గనుక బాణమంటే అయిదు. ఆకాశం శూన్యం గనుక సున్న. వేదాలు నాలుగు, కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది. అంకెలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు వ్రాసుకుంటూ పోవాలి.

మల్లన సంఖ్యను ఈ దృష్టితో చూస్తే కొన్ని సంగతులు కనిపిస్తవి. ఏడు అనే అంకె మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ కవి కొండనే తెచ్చినాడు గాని, మూడు వేర్వేరు పేర్లతో తెచ్చినాడు. ఒకటి మూడుసార్లు వస్తుంది. మూడుచోట్లా చంద్రుడే, మూడు పేర్లతో. సున్న రెండుసార్లు, రెండుచోట్లా ఆకాశమే. నాలుగు మాత్రం నాలుగుసార్లు వస్తుంది. అక్కడ సముద్రం రెండుసార్లు, వేదం ఒకసారి, బ్రహ్మ ముఖాలు ఒకసారి పనికి వచ్చినవి. రెండును అరవై నాలుగు మార్లు గుణించగా వచ్చిన సంఖ్య పక్కనున్న ఈ సంఖ్యలో 2 అనే అంకె ఒక్కచోట కూడా లేకపోవడం ఒక వింత.

ఛందస్సు కూడా గమనించదగినది. చంపకమాల పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. ఇరవై ఒక్క అక్షరాలలో గురులఘువులను ఎన్ని రకాలుగా అమర్చవచ్చును? ప్రతి అక్షరానికీ రెండు అవకాశాలు గనుక 2 యొక్క 21వ ఘాతం, అనగా 20,97,152 రకాలు. ఆ వరుసలో చంపకమాల 7,11,600వ వృత్తం. చదరంగపు పలక మీద ఇరవై రెండవ గడిలో పడే గింజలు కూడా సరిగా 20,97,152. కవి రెట్టింపు లెక్కను చెప్పడానికి ఎన్నుకొన్న వృత్తానికి కూడా రెట్టింపు లెక్కే పునాది. పింగళుని ఛందశ్శాస్త్రంలో ఈ రెట్టింపు లెక్కకు సూత్రం ఉన్నది. ఛందస్సు తెలిసిన మల్లనకు ఇది కొత్త కాదు.

మెచ్చదగిన గుణము

పద్యం యొక్క మొదటి గుణం భద్రత. తాటాకు మీద అంకెలు వ్రాస్తే లేఖకుని చేతిలో ఒక గీత చెరిగినా అంకె మారిపోతుంది. మాటగా వ్రాస్తే అంత సులభంగా మారదు. మారితే గణం చెడుతుంది, లేదా ప్రాస చెడుతుంది. ఇరవై అంకెలు తొమ్మిది వందల ఏళ్ళకు పైగా ఒక్కటి కూడా తప్పకుండా నేటివరకు వచ్చినవంటే అది ఛందస్సు చేసిన కాపలా.

రెండవ గుణం నిజాయితీ. కవులు పెద్ద సంఖ్యలను అతిశయోక్తికి వాడుతారు. కోటి సూర్యులు అన్నప్పుడు ఎవరూ లెక్కపెట్టరు. మల్లన సంఖ్య అటువంటిది కాదు. ఇరవయ్యవ స్థానంలో ఎంత ఖచ్చితమో ఒకట్ల స్థానంలో కూడా అంతే ఖచ్చితం. పద్యంలో ఖచ్చితమైన సంఖ్యను నిలిపినవాడు శాస్త్రకారుడు.

లోపము ఎక్కడ

అయితే కాపలాకు ఒక హద్దు ఉన్నది. ఛందస్సు అక్షరాలను కాపాడుతుంది, అర్థాన్ని కాపాడలేదు. సముద్రమంటే భూతసంఖ్యలో సాధారణంగా నాలుగు. కాని పురాణాలలో సప్తసముద్రాలు ఉన్నవి. ఒక విద్యార్థి సముద్రానికి ఏడు వేసుకొంటే పద్యం అడ్డు చెప్పదు. రంధ్రమంటే శరీరంలోని నవరంధ్రాలను బట్టి తొమ్మిది. బొక్క అంటే శూన్యమే గదా అని సున్న వేసుకొంటే పద్యం ఊరుకుంటుంది. అదే విధంగా అంకెలను ఎడమకు వ్రాయవలసినది కుడికి వ్రాస్తే 51615590737044764481 అనే మరొక సంఖ్య వస్తుంది. అది కూడా ఇరవై అంకెల సంఖ్యే. పద్యం దానిని కూడా ఊరకే ఒప్పుకుంటుంది.

రెండవ లోపం ఇంకా ముఖ్యమైనది. పద్యం జవాబు చెప్పుతుంది, దారి చెప్పదు. అరవై నాలుగు గళ్ళ మొత్తం ఇది అని తేల్చి ఊరుకుంటుంది. ఎందుకు ఇది అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు.

ఇక్కడ కవికి న్యాయం చేయాలి. సూత్రం ఒకచోట, ఉదాహరణ ఒకచోట, జవాబు ఒకచోట ఉండడం పాత గణిత గ్రంథాల తీరు. గుణశ్రేఢి మొత్తాన్ని కనుగొనే పద్ధతి మూలమైన మహావీరుని గ్రంథంలో స్పష్టంగా ఉన్నది. గ్రంథం నుంచి ఒక్క పద్యాన్ని విడదీసి, దానిని చాటువు వలె చేసి, దారిని వదలి జవాబును మాత్రమే మోసుకొని వచ్చినవారు తరువాతివారు. ఆ పద్యం గణిత పుస్తకంలో ఉన్నంతకాలం పాఠం. అందులోనుంచి ఊడి వచ్చిన తరువాత వింత వస్తువు.

దారి ఇది

దారి కష్టమైనది కాదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి నడవదగినదే.

మొదట మొత్తం సంగతి. పలక పక్కన ఒక గింజ అదనంగా పెట్టినామనుకుందాం. అదీ, మొదటి గడిలోని ఒకటీ కలిస్తే రెండు. రెండవ గడిలో కూడా రెండే. కలిస్తే నాలుగు. మూడవ గడిలో నాలుగే. కలిస్తే ఎనిమిది. ఈ విధంగా ఎక్కడ ఆగినా, అంతవరకు ఉన్న మొత్తం తరువాతి గడిలో పడవలసిన సంఖ్యకు సమానం. అరవై నాలుగు గళ్ళూ అయిన తరువాత అది 2 యొక్క 64వ ఘాతం. అదనంగా పెట్టిన ఒక్క గింజను తీసివేస్తే కావలసిన మొత్తం వస్తుంది.

ఇక ఆ ఘాతాన్ని కనుగొనడానికి అరవై మూడు మార్లు రెట్టింపు చేయనవసరం లేదు. 64లో సగం 32, అందులో సగం 16, తరువాత 8, 4, 2, 1. కాబట్టి రెండుతో మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేస్తే చాలు:

2
4
16
256
65,536
4,29,49,67,296
1,84,46,74,40,73,70,95,51,616

ఒకటి తీసివేస్తే మల్లన సంఖ్య. ఆరు గుణకారాలలో మొదటి నాలుగూ నోటిలెక్కలు. అయిదవది పలక మీద చేయవచ్చును. ఆరవది మాత్రమే ఓపిక కోరుతుంది. పింగళుడు, మహావీరుడు ఉపయోగించినది కూడా ఈ సగం చేయుట, వర్గం చేయుట అనే ఉపాయమే. ఇది తెలిసిన తరువాత యంత్రాలు లేని కాలంలో ఇంత పెద్ద లెక్క ఎట్లా చేసినారన్న ఆశ్చర్యం తగ్గుతుంది. ఉపాయం మీద గౌరవం పెరుగుతుంది. శాస్త్రానికి కావలసినది రెండవదే.

పొగడ్తలోని పొరపాటు

ఈ సంఖ్యను మల్లనే కనుగొన్నాడనీ, ఇతర దేశాలవారికి ఇది తెలియదనీ అనేవారున్నారు. ఇది నిలిచే మాట కాదు. మధ్య ఆసియాకు చెందిన మహాపండితుడు అల్ బెరూనీ సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో వ్రాసిన కాలగణన గ్రంథంలో ఇదే సంఖ్య ఉన్నది. ఆయన సంఖ్యతోపాటు రెండు సూత్రాలు కూడా ఇచ్చినాడు. ఒక గడిలోని సంఖ్యను వర్గం చేస్తే, మొదటి గడి నుంచి అది ఎంత దూరమో అంతకు రెట్టింపు దూరాన ఉన్న గడిలోని సంఖ్య వస్తుందన్నది మొదటిది. ఏ గడి సంఖ్య నుంచి అయినా ఒకటి తీసివేస్తే దాని వెనుక గళ్ళన్నింటి మొత్తం వస్తుందన్నది రెండవది. పైన చెప్పిన దారి ఈ రెండు సూత్రాలలో ఇమిడి ఉన్నది. చదరంగం కనిపెట్టిన పండితుడు రాజును గింజలు కోరిన కథను 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ కూడా చెప్పినాడు. పద్యం ముగింపులో మల్లనే లోకప్రసిద్ధిని ప్రస్తావించినాడు.

మల్లన కీర్తికి ఇందువలన ఏ లోటూ లేదు. సంఖ్యను ఎవరైనా లెక్కకట్టవచ్చును. దానిని ఒక దేశభాషలోకి తెచ్చి, ఆ భాష మాట్లాడేవారి జ్ఞాపకంలో నిలపడం వేరొక పని. ఆ పని తెలుగులో చేసినవాడు మల్లన. లేని గొప్పను అంటగడితే ఉన్న గొప్ప కూడా అనుమానానికి లోనవుతుంది.

దీనికి ఎదురైన మాట కూడా ఉన్నది. ఇదంతా కంఠస్థం, ఇందులో గణితమేమున్నదని కొట్టివేసేవారు కొందరు. వీరు కూడా తొందరపడుతున్నారు. కంఠస్థమైన సంఖ్య ఒక గిడ్డంగి వంటిది. తలుపు తీసి చూడాలి.

తప్పును పట్టుకునే పరీక్షలు

మొదటి పరీక్ష చివరి అంకె. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అనే వరుసలో తిరుగుతుంటాయి. 64ను 4 నిశ్శేషంగా భాగిస్తుంది గనుక 64వ ఘాతం 6తో ముగుస్తుంది. ఒకటి తీసివేస్తే 5. తలకిందుగా వ్రాసిన సంఖ్య 1తో ముగిసినది గనుక అది తప్పని ఇక్కడే తెలిసిపోయినది.

రెండవ పరీక్ష తొమ్మిది. అంకెలన్నీ కూడితే 87. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ అయిదూ ఆరు. ఇక రెండు ఘాతాలను 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకసారి తిరిగి వస్తవి. 64వ ఘాతానికి శేషం 7. ఒకటి తీసివేస్తే 6. సరిపోయినది. రెండు సముద్రాలకూ నాలుగుకు బదులు ఏడు వేసి ఉంటే అంకెల మొత్తం 93 అయి, చివరకు 3 వచ్చేది. తప్పు దొరికేది. అయితే అంకెల స్థానాలు తారుమారైతే ఈ పరీక్షకు చిక్కదు. ఏ వరుసలో కూడినా మొత్తం ఒక్కటే గదా.

అందుకు మూడవ పరీక్ష పదకొండు. కుడినుంచి ఒక అంకెను కూడుతూ, తరువాతి అంకెను తీసివేస్తూ పోవాలి. మల్లన సంఖ్యకు 37 వస్తుంది. 11తో భాగిస్తే శేషం 4. రెండు యొక్క 10వ ఘాతం 1,024ను 11తో భాగిస్తే శేషం 1. అందుచేత 64వ ఘాతానికి శేషం 4వ ఘాతమైన 16 యొక్క శేషమే, అనగా 5. ఒకటి తీసివేస్తే 4. సరిపోయినది. పక్కపక్కన ఉన్న రెండు వేర్వేరు అంకెలు స్థానాలు మార్చుకుంటే ఈ పరీక్ష తప్పక పట్టుకుంటుంది.

మూడు పరీక్షలూ కలిపి పది నిమిషాల పని. ఇవి తెలిసిన విద్యార్థికి పద్యం ప్రమాణం కాదు, పరిశీలించదగిన ఒక వాక్యం.

మహావీరుడు చూడని హారము

మహావీరుని గుణకార ప్రకరణంలో కొన్ని అందమైన ఉదాహరణలున్నవి. జవాబులు రత్నహారాల వలె ఒక క్రమంలో వస్తవి. 12345679ని 9తో గుణిస్తే 111111111. 152207ను 73తో గుణిస్తే 11111111. 27994681ని 441తో గుణిస్తే 12345654321. ఇటువంటి సంఖ్యలమీద మహావీరునికి మక్కువ.

చదరంగపు సంఖ్య ఇరవై అంకెలతో చూస్తే క్రమం లేని గుంపు వలె కనిపిస్తుంది. కాని పదికి బదులు రెండును ఆధారంగా తీసుకొని వ్రాస్తే ఇది అరవై నాలుగు ఒకట్ల హారం. ప్రతి గడికి ఒక ఒకటి. మహావీరుడు ముచ్చటపడే హారాలన్నింటిలోకి పెద్దది, దశాంశ పద్ధతి ముసుగులో కనిపించకుండా ఉన్నది.

ఈ దృష్టి వలన సంఖ్య లోపలి నిర్మాణం తెలుస్తుంది. పది ఆధారంగా ఎనిమిది ఒకట్లను 11, 101, 10001 అనే మూడింటి లబ్ధంగా వ్రాయవచ్చును. గుణించి చూడండి. మహావీరుని ఉదాహరణలోని 73, ఈ 10001కి కారణాంకం. 73ను 137తో గుణిస్తే 10001. అదే తీరున రెండు ఆధారంగా అరవై నాలుగు ఒకట్లను విడదీస్తే వచ్చే కారణాంకాలు ఇవి:

3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297.

ఇందులో వింత ఏమీ లేదు. రెండు సంఖ్యల వర్గాల భేదం, వాటి మొత్తాన్ని భేదంతో గుణించగా వచ్చినదే అన్న సూత్రాన్ని ఆరుసార్లు వాడితే ఇదే వస్తుంది. ఆరు వర్గాలతో పైకి ఎక్కిన నిచ్చెనను ఆరు మెట్లలో దిగుతున్నాము, అంతే.

వీటిలో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. ఆరవది కూడా ప్రధాన సంఖ్యేనని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640 ప్రాంతంలో నమ్మినాడు. అంతటివాడు నమ్మినది తప్పని 1732లో ఆయిలర్ చూపినాడు. ఆ సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుంది. దీనికి చిన్న నిరూపణ ఉన్నది. 641 అంటే 5ను 128తో గుణించి 1 కలిపినది. 128 అనగా 2 యొక్క 7వ ఘాతం. కాబట్టి 5, 128ల లబ్ధానికి 4వ ఘాతం చేసి అందులో ఒకటి తీసివేస్తే, దానిని 641 భాగిస్తుంది. ఇది ఒక సంఖ్య. మరొకవైపు 641 అంటే 625, 16ల మొత్తం. అనగా 5, 2ల నాలుగవ ఘాతాల మొత్తం. దానిని 2 యొక్క 28వ ఘాతంతో గుణిస్తే వచ్చిన దానిని కూడా 641 భాగిస్తుంది. ఇది రెండవ సంఖ్య. రెండవ దానినుంచి మొదటిది తీసివేస్తే మిగిలేది 2 యొక్క 32వ ఘాతం, ఒకటిల మొత్తం. అదే ఫెర్మా సంఖ్య. కాబట్టి దానిని కూడా 641 భాగించక తప్పదు. భాగించగా వచ్చేది 67,00,417. అది ప్రధాన సంఖ్య.

కనుక మల్లన సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏ ఒక్కటీ రెండవమారు రాదు. ప్రతి కారణాంకాన్ని తీసుకోవడం, వదలడం అన్న రెండు అవకాశాలున్నవి గనుక మొత్తం భాజకాలు 2 యొక్క 7వ ఘాతం, అనగా 128. రెట్టింపుల నుంచి పుట్టిన సంఖ్య భాజకాలను లెక్కపెట్టినా రెట్టింపుల లెక్కే వస్తున్నది.

మల్లన ఈ ప్రశ్నలు వేయలేదు. ఆయన కాలంలో ఎవరూ వేయలేదు. అది ఆయన తప్పు కాదు. అయితే ఆయన సంఖ్యను నేడు వల్లించేవారు ఈ ప్రశ్నలు వేయకపోతే అది మాత్రం తప్పు. ఈనాటి కంప్యూటర్లలో అరవై నాలుగు బిట్లలో ఇమిడే సంఖ్యలలోకెల్లా పెద్దది ఇదే. చదరంగం ఆడే ప్రోగ్రాములు పలకమీది గడికొక బిట్టు చొప్పున కేటాయిస్తవి. గళ్ళన్నీ నిండినవని చెప్పడానికి అవి వాడే సంఖ్య కూడా ఇదే.

అశ్వారావుపేట తరగతి గది

బడిలో ఈ సంఖ్యను చెప్పే తీరు ఇంకొక విమర్శకు గురి కావలసి ఉన్నది. కథ చెప్పుతారు. రాజు నవ్వినాడు, గాదెలు ఖాళీ అయినవి, మంత్రి తలదించుకున్నాడు. విద్యార్థికి మిగిలేది 'చాలా పెద్దది' అన్న ఒక్క మాట. చాలా పెద్దది అన్నది కొలత కాదు.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ సరిహద్దున, అడవిని ఆనుకొని ఉన్న అశ్వారావుపేటనే తీసుకోండి. చుట్టూ పామాయిల్ తోటలు, వరిమళ్ళు. ఇక్కడి పిల్లలకు రాజుగారి గోధుమలకంటె వడ్లు బాగా తెలుసు. ఊరిలో వ్యవసాయ కళాశాల ఉన్నది. వెయ్యి గింజల బరువు అనే కొలత వ్యవసాయ విద్యార్థులకు పరిచితమే. రకాన్ని బట్టి అది మారుతుంది. లెక్కకు ఇరవై గ్రాములనుకుందాం. పిల్లలు వెయ్యి వడ్లగింజలు లెక్కపెట్టి స్వయంగా తూచుకుంటే ఇంకా మంచిది.

వెయ్యి గింజలు ఇరవై గ్రాములైతే క్వింటాలుకు యాభై లక్షల గింజలు. ఒక క్వింటాలు వడ్లతో పలకమీద ఎన్ని గళ్ళు నింపగలము? ఇరవై రెండు గళ్ళకు 41,94,303 గింజలు కావాలి. అక్కడికి సరిపోయి కొన్ని మిగులుతవి. ఇరవై మూడవ గడికి చాలవు. పది టన్నుల లారీ తెప్పించినామనుకుందాం. క్వింటాలుకు నూరురెట్లు. అయినా నిండేది ఇరవై ఎనిమిది గళ్ళే. నూరురెట్ల ధాన్యం కొన్నది ఆరు గళ్ళు మాత్రమే. ఇక ప్రపంచమంతా ఒక ఏడాదిలో పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అదంతా తెచ్చి పోసినా యాభై అయిదు గళ్ళు నిండుతవి. మిగిలిన తొమ్మిది గళ్ళూ ఖాళీ. పలక అంతా నిండాలంటే సుమారు 36,900 కోట్ల టన్నులు కావాలి. ప్రపంచం నాలుగు వందల అరవై ఏళ్ళపాటు పండించి, ఒక్క గింజ తినకుండా దాచవలసి ఉంటుంది.

ఈ విధంగా లెక్కించిన విద్యార్థికి రెండు సంగతులు తెలుస్తవి. మొదటి సగంలో లెక్క అమాయకంగా కనిపిస్తుంది. రెండవ సగంలో అది చేయి దాటిపోతుంది. రెట్టింపు స్వభావమే అది. వడ్డీ మీద వడ్డీ, అంటువ్యాధి వ్యాపించే తీరు, వీటన్నింటిలో ప్రమాదం మొదటి గళ్ళలో కనబడదు. అప్పు తీసుకునే రైతుబిడ్డకు ఈ ఒక్క పాఠం బాగా తెలిసినా మల్లన పద్యం తెలుగుదేశానికి చేసిన ఉపకారం తక్కువ కాదు.

ముగింపు

తేలినదేమిటి? మల్లన పద్యం కవితగా సామాన్యం. ఇరవై అంకెల పేర్లను పేర్చడంలో భావానికి చోటు లేదు. ఆ మాటలు కూడా ఇంచుమించు అన్నీ సంస్కృత పర్యాయపదాలే. తెలుగు పాఠకునికి నిఘంటువు సహాయం కావాలి. లెక్కల రచనగా అది సగం మాత్రమే. జవాబు ఉన్నది, దారి లేదు. అయినా ఆ సగాన్ని తొమ్మిది వందల ఏళ్ళకు పైగా చెక్కుచెదరకుండా అందించినది. మిగిలిన సగాన్ని పూరించవలసినది ఉపాధ్యాయుడు.

పద్యం చదివించండి. తరువాత పుస్తకం మూయించి, ఆరు వర్గాలు చేయించండి. వచ్చిన జవాబును పద్యంతో పోల్చమనండి. చివరకు సంఖ్యలో ఒక అంకెను కావాలనే మార్చి నల్లబల్ల మీద వ్రాసి, తప్పు ఉన్నదో లేదో తేల్చమనండి. మూడు పరీక్షలు వాడి పిల్లవాడు లేచి నిలబడి, ఈ సంఖ్య తప్పండీ అని ఉపాధ్యాయునితోనే చెప్పగలిగిన రోజున ఆ తరగతిలో పావులూరి మల్లన పాఠం పూర్తి అయినట్లు.